రక్తం ఇచ్చి వెళ్లిన మనిషి

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే మొహం మీదే నవ్వేదాన్ని. పాతబస్తీలో ఓ బడిలో జీవశాస్త్రం చెబుతాను. పరీక్షకు నిలవనిదాన్ని ఎన్నడూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్ముతున్నానని అనను. జరిగింది మాత్రం చెబుతాను.

మా బాపు సామ్యేలు బస్ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. అఫ్జల్‌గంజ్ వైపు ఒక దవాఖానాలో ఆయన్ని ఎవరో కని వదిలేసి వెళ్తే, అక్కడ ఆయాగా పనిచేసే ఎస్తేరమ్మ తెచ్చుకుని మొఘల్‌పురాలో పెంచింది. పోయేముందు ఆ సంగతి చెప్పింది. అప్పటినుంచి బాపుకు ఒకటే ఆరాటం, కన్నతల్లి ఎవరా అని. రెండువేల నాలుగులో పేపర్లో చిన్న ప్రకటన వేయించాడు.

పది రోజులకు, ఒక మధ్యాహ్నం, ఒక ముసలామె మా గుమ్మం ముందు నిలబడింది. నీలం అంచు చీర. కుడి చెవి తమ్మె చినిగి ఉంది.

"దవాఖాన్ల ఇడిసిపెట్టిన పిలగాడు నువ్వేనా బిడ్డా?" అంది.

పేరు రాములమ్మ అని, ఉండేది చాంద్రాయణగుట్టలో అని చెప్పింది. పెళ్లి కాకముందే కన్నానని, బిడ్డను ఇంటికి తెస్తే ఊరుకోనని తండ్రి బెదిరించాడని ఏడ్చింది.

బాపు ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "ఇగ మా ఇంట్లనే ఉండమ్మా."

అడ్డుపడింది నేనే. ప్రకటన చూసి ఎవరైనా రావచ్చు కదా. "డీఎన్ఏ పరీక్ష చేయిద్దాం బాపూ. రిపోర్టు వచ్చినంక తోలుకొద్దాం" అన్నాను.

ఆమె కోపం తెచ్చుకోలేదు. "గట్లనే కానియ్యి" అంది.

మర్నాడు ముగ్గురం ల్యాబుకు వెళ్లాం. ఇద్దరి రక్తం తీశారు. ఆమె ఫోటో తీసి, కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. ఫలితానికి అయిదు వారాలన్నారు.

ఆ అయిదు వారాల్లో బాపు వెనక గదికి సున్నం వేయించాడు, మంచం కొన్నాడు. ఆమెను ఒకసారి చూసొస్తానంటే నేనే ఆపాను. తేలకముందే మనసు పెట్టుకుంటే తట్టుకోలేడని నా భయం.

రిపోర్టు వచ్చింది. ఆమే తల్లి.

ఆ రోజే కొత్త చీర పట్టుకుని చాంద్రాయణగుట్ట వెళ్లాం. ఆమె చెప్పిన గల్లీలోనే ఇల్లు దొరికింది. కోడలు తలుపు తీసింది.

"మా అత్తనా? ఆమె పొయ్యి ఏడాది దాటింది గదన్నా. మీకెవ్వరు చెప్పలేదా?"

గోడ మీద దండ వేసిన ఫోటో. అదే ముఖం. అదే చినిగిన తమ్మె.

బాపు చేతిలోని కొత్త చీర ఆ ఫోటో కింద పెట్టాడు. నేను ల్యాబు కాగితం మీది ఫోటో చూపిస్తే కోడలు దాన్ని గోడ మీది ఫోటో పక్కన పెట్టి చూసింది. మీ అత్తకు అక్కచెల్లెళ్లెవరైనా ఉన్నారా అని అడిగాను. "లేరు, ఒక్కతే బిడ్డ" అంది. మరణ ధ్రువపత్రం తెచ్చి చూపించింది. మేం ల్యాబుకు వెళ్లడానికి పద్నాలుగు నెలల ముందు తేదీ.

మళ్లీ ల్యాబుకు పరుగెత్తాను. నమూనాలు తారుమారు కాలేదన్నారు. ఇంకోసారి చూద్దామంటే ఆమె రక్తం మిగల్లేదన్నారు.

బాపు నన్ను తిట్టలేదు. ఒక్కసారే అడిగాడు. "నేను పిలిచిననాడే లోపలికి తోలుకుంటే, ఉంటుండెనేమో గద బిడ్డా?"

ఆ తర్వాత ఆయన ఆ వెనక గదిలోకి అడుగు పెట్టలేదు. ఏడాది తిరక్కుండానే గుండెపోటుతో పోయాడు.

చనిపోయిన మనిషి రక్తం ఇవ్వదు. పిల్లలకు ఇవాళ్టికీ అదే చెబుతాను. కానీ ఆ రోజు ల్యాబు బయట ఆమెను బస్సెక్కించింది నేనే. మెట్టు ఎత్తుగా ఉంటే చెయ్యి అందించాను. ఎక్కాక కూడా ఆమె కాసేపు వదల్లేదు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. అది ఎవరి చెయ్యో నాకిప్పటికీ తెలియదు.