తలుపుకి అంటించిన జాబితా

హైస్కూలు వరండాలో ఆ రోజు ఉన్నవి: నీళ్ల డ్రమ్ములు రెండు, గ్యాస్ పొయ్యి, పాల గిన్నె, స్టీలు గ్లాసులు, ఎవరో తెచ్చి ఇచ్చిన చాపలు. పిల్లల కోసం పనిచేసే మా సంస్థ తరఫున నేనూ, ఒక నర్సూ. గేటు దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్లు. మూడు గదుల్లో తల్లులు, పిల్లలు. వాళ్ల మగవాళ్లు ఒక్కరూ లేరు.

ఓట్లు లెక్కపెట్టిన సాయంత్రం, అక్కడికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని ఒక ఊళ్లో, గెలిచిన వైపున్న కులం వాళ్లు ఓడిన వైపున్న కులం వీధి మీద పడ్డారు. గడ్డివాములు తగలబెట్టారు, తలుపులు పగలగొట్టారు, మగవాళ్లను వెతికి కొట్టారు. మగవాళ్లు తలో దిక్కుకీ పోయి దాక్కున్నారు. ఆడవాళ్లు పిల్లల్ని తీసుకుని ఈ బడికి వచ్చారు.

నేను ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివాను. గందరగోళం చూస్తే గళ్లు గీయాలనిపిస్తుంది. మొదటి రోజు కొందరు పిల్లలు రెండుసార్లు పాలు తాగారు, కొందరికి అందనే లేదు. అందుకని ఒక్కొక్కరి పక్కన కూర్చుని రాసుకున్నాను: పేరు, వయసు, తరగతి, చెప్పుల సైజు, తండ్రి పేరు, తండ్రి ఇప్పుడు ఎక్కడున్నాడు. ఆ చివరి గడి మా ఆఫీసు ఫారంలో ఉన్నదే. దాని దగ్గరికి వచ్చేసరికి పిల్లలు నసిగారు. మూడో తరగతి పాప ఒకతె నా చెవిలో చెప్పింది.

"నాయన మడకశిరలో ఉండాడు. మా మామోళ్లింట్లో. ఎవురికీ చెప్పొద్దు, అన్నా."

"చెప్పను," అన్నాను.

మర్నాడు జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి గది తలుపుకి అంటించాను. ముప్పై నాలుగు పేర్లు, ఆరు గళ్లు. తీసేయాల్సిన గడి నా కంటికి ఆనలేదు. నిజానికి ఆ కాగితం చూసుకుని సంతోషపడ్డాను. పాప తన పేరు మీద వేలు పెట్టి, "పదకొండో నెంబరు నాదే," అని అందరికీ చూపించింది. ఆమె వేలు చివరి గడి దాకా పోలేదు.

నీళ్ల ట్యాంకరు వచ్చింది. డ్రైవరు డ్రమ్ములోకి పైపు వేసి, వరండాలో అటూ ఇటూ తిరిగి, సెల్లు తీసి తలుపుని ఫొటో తీసుకున్నాడు. ఏర్పాటు నచ్చి తీసుకుంటున్నాడనుకున్నాను. ట్యాంకరు గేటు దాటాక పాప తల్లి వచ్చింది.

"ఏమప్పా, వాడు యా ఊరోడో తెలుసా? మా ఊరోడే. మా మీద పడినోళ్ల వీధోడు. ఏం ఫొటో తీసినాడు?"

ఆమెకు చదువు రాదు. పాపను పిలిచి ఆ వరస చదవమంది. పాప చదువుతూ చివరి గడి దగ్గర ఆగిపోయింది.

"చదువే."

"మడకశిర," అంది పాప, నా వైపు చూడకుండా.

"బిడ్డ నీకు చెప్తే నువ్వు ఊరికంతా చెప్పినావా? ఇంజనీరంట."

కాగితం చింపేశాను. కానిస్టేబుల్ దగ్గరికి పరుగెత్తాను. "ఫొటో తీసినాడని ఏం కేసు పెట్టమంటావప్పా?" అన్నాడతను. ఈలోగా పాప తల్లి భర్తకు ఫోను చేసింది. "ఆడుండొద్దు. ఉన్నపళాన లేసి పో."

సాయంత్రానికి కబురొచ్చింది. నలుగురు మోటారు సైకిళ్ల మీద ఆ ఇంటికి వెళ్లారు. పాప నాయన దొరకలేదు. అడ్డుపడిన మామకు చెయ్యి విరిగింది.

తల్లులు చాలామంది మూటలు కట్టుకున్నారు. ఎక్కడికని నేను అడగలేదు. పాప మాత్రం అడిగింది.

"అమ్మా, నాయన ఇప్పుడు యాడుండాడు?"

"నీకెందుకు," అంది తల్లి. నా వైపు తిరిగి మామూలు గొంతుతోనే, "ఈసారి దీనికి చెప్పను," అంది.

మరుసటి ఉదయం నర్సు, నేను ముప్పై నాలుగు గ్లాసులకు సరిపడా పాలు కాచాం. తాగడానికి వచ్చిన పిల్లలు ఆరుగురు.