పాత పికప్పు, ఒక ‘వదులు’

“నువ్వు చొక్కాలకి గుండీలు కుడతావు, బాగానే ఉంది. ఇంజన్‌కి కూడా కుడతావా?”

అడిగినాయన టైలరమ్మకి బావగారు, అంటే ఆమె భర్తకి అన్నయ్య. అడిగిన చోటు ఆమె ఇంటి వెనకాల రేకుల షెడ్డు. అడిగేటప్పుడు ఆయన కాలు ఒక పాత పికప్పు బంపరు మీద ఉంది. బండిలో తనది సగం వాటా కాబట్టి కాలు పెట్టే హక్కు ఉందనుకున్నాడు. బంపరు మాత్రం అనుకోలేదు, ఊడి కింద పడింది.

“చూశావా? నా మాటే నిజమని అదే ఒప్పుకుంటోంది,” అన్నాడు బావగారు.

టైలరమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. కారణం సహనం కాదు, నోట్లో గుండుసూదులున్నాయి. వాటిని తీసి మణికట్టుకి కట్టుకున్న చిన్న దిండుకి గుచ్చి, అప్పుడంది:

“కుట్టలేకపోతే విప్పనైనా విప్పుతాను బావగారూ. విప్పడంలో నన్ను మించినవాళ్ళు ఈ వీధిలో లేరు.”

ఆ పికప్పుని అన్నదమ్ములిద్దరూ కలిసి కొన్నారు. తమ్ముడు దాంట్లో బీరువాలూ మంచాలూ ఇళ్ళకి చేరవేసేవాడు. మాట్లాడేటప్పుడు కూడా చేతులు గాల్లో చక్రం తిప్పినట్టు తిప్పుతాడు కాబట్టి వీధిలో ఆయన పేరు స్టీరింగు. ఒకసారి బీరువా దించుతుండగా ఆయన నడుం పట్టేసింది. కూర్చోగలడు, నడవగలడు, బండి నడపగలడు, కానీ వంగలేడు, బరువెత్తలేడు. బరువెత్తని మనిషికి బీరువాల పనెవరిస్తారు? బండి ఇటుకల మీదికెక్కింది. నాలుగేళ్ళు అక్కడే ఉంది. ఎలకలు కాపురం పెట్టాయి, కోడి ఒకటి డ్రైవరు సీట్లో గుడ్లు కూడా పెట్టింది. ఇల్లు టైలరమ్మ కుట్టు మిషను మీద నడిచింది.

ఇప్పుడు ఆ మిషనుకే చోటు లేకుండా పోతోంది. షాపు గది యజమాని గోడ పగలగొట్టి పక్కనున్న తన మందుల షాపులో కలుపుకుంటానన్నాడు. రెండు నెలలు గడువిచ్చాడు. బజారులో మిగతా గదుల అద్దెలు విని ఆమె ఇంటికొచ్చి, షెడ్డులో పికప్పు వెనక భాగాన్ని టేపుతో కొలిచింది. మిషను పడుతుంది. ఇస్త్రీ బల్ల మడతపెడితే అదీ పడుతుంది. షాపుకి చక్రాలుంటే అద్దె ఉండదు.

ఇలాంటి చోట ధైర్యం గురించి ఒక పేరా రాయడం రివాజు. కానీ టైలరమ్మ బండి కిందికి దూరింది ధైర్యంతో కాదు, మెకానిక్కు చెప్పిన కూలి విని. ఆ కూలి కంటే బండి కిందే చల్లగా ఉందని ఆవిడే చెబుతుంది.

బావగారు కూడా చెడ్డవాడేం కాదు. ఆయన వాదన ఆయనది: పాత ఇనుము వ్యాపారి మంచి ధర చెప్పాడు, తుప్పు పెరిగేకొద్దీ ధర తరుగుతుంది. చివరికి ఒప్పందం ఇలా కుదిరింది. రెండు నెలల్లో బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ వస్తే బండి టైలరమ్మది. ఆయన సగం వాటాకి ఇనుము ధర లెక్కగట్టి వాయిదాల్లో ఇస్తుంది. రాకపోతే మర్నాడే వ్యాపారి గొలుసులతో వస్తాడు.

పని మొదలైంది. ఎవరైనా పాత కోటు తెచ్చి ఇలాంటిదే ఇంకోటి కుట్టమంటే, టైలరు కుట్లు విప్పి ముక్కలు వరసగా పరుచుకుంటాడు. టైలరమ్మ బండినీ అలాగే చేసింది. నేల మీద పాత దుప్పట్లు పరిచి, విప్పిన ప్రతిదాన్నీ విప్పిన వరసలోనే పెట్టి, చుట్టూ సుద్దతో గీత గీసింది. మార్చాల్సినవాటి మీద ఇంటూ గుర్తు. వీధి చివరి మెకానిక్కు దగ్గరికి అనుమానమొచ్చినప్పుడల్లా వెళ్ళేది. ఆయన సలహాకి డబ్బు తీసుకోడు, ప్యాంట్లు పొట్టి చేయించుకుంటాడు.

డీజిల్ ట్యాంకు లోపలంతా తుప్పు. అందులో కంకరా సబ్బునీళ్ళూ పోసి, తుప్పు రాలేదాకా ఊపాలి. స్టీరింగు నడుం ఆ ఊపులకి పనికిరాదు. అందుకని ఆమె ట్యాంకుని మందపాటి గుడ్డలో చుట్టి షెడ్డు దూలానికి ఉయ్యాలలా కట్టింది. ఆయన కుర్చీలో కూర్చుని తాడు లాగాడు.

“జోల కూడా పాడమంటావా?”

“వద్దండీ. మీ గొంతు వింటే తుప్పు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.”

బండి లోపల నేల రేకు చిల్లులు పడి, కింద మట్టి కనిపించేది. దానికి మాసిక వేయడానికి వెల్డరు వచ్చాడు. టైలరమ్మ అట్టముక్కతో నమూనా కత్తిరించి చేతిలో పెట్టింది. అతను దాన్ని చిల్లు మీద పెట్టి చూసి, తల గోక్కున్నాడు.

“అక్కా, చుట్టూ అరంగుళం ఎక్కువుందే.”

“అది వదులు.”

“వదులెందుకు?”

“లోపల కొంచెం వదులుంచే కుడతాం కదా. రేపు పిల్లాడు పెరిగితే విప్పుకోవచ్చు.”

వెల్డరు బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. “ఇది పుట్టి పాతికేళ్ళయింది. ఇంకా ఎంత పొడుగవుతుందంటావు?”

అలవాటే, వేరే కారణం లేదు. వెనక తొట్టెకి రేకు పక్కలు కట్టినప్పుడు కూడా ఆమె అంతే చేసింది, వెల్డరు అక్కడా మడిచి కొట్టాల్సొచ్చింది. ఎక్కువైన రేకుకి డబ్బు దండగ. ‘వదులు’ అనే ఆ మాట మాత్రం అక్కడితో ఆగలేదు.

ఇంజన్ ఒక ఆదివారం పొద్దున కదిలింది. ముందు దగ్గింది, తర్వాత నల్లటి పొగ కక్కింది. ఎదురింటావిడ ఆరేసిన దుప్పట్లు మళ్ళీ ఉతుక్కుంది. స్టీరింగు సీట్లో కూర్చుని చాలాసేపు చక్రం పట్టుకుని ఉన్నాడు. ఈసారి నిజమైన చక్రం.

కదిలిన బండికి ఆగడం కూడా రావాలి. గడువు వారంలోకి వచ్చింది, బ్రేకు పెడలు మాత్రం బురదలో కాలేసినట్టు మెత్తగా దిగిపోతోంది. గొట్టాల్లో గాలి చేరిందని మెకానిక్కు చెప్పాడు. గాలి తీయడానికి ఇద్దరు కావాలి. పైన ఒకరు పెడలు తొక్కిపట్టాలి. అప్పుడు కింద ఇంకొకరు చక్రం దగ్గరున్న చిన్న నట్టు విప్పితే, గాలీ బ్రేకు ఆయిలూ కలిసి బయటికొస్తాయి. నట్టు మళ్ళీ బిగించేదాకా పైనున్నవాళ్ళు కాలు తీయకూడదు. తీస్తే బయటి గాలి లోపలికి పోతుంది, పడ్డ శ్రమంతా వృథా.

స్టీరింగు పైన కూర్చున్నాడు. టైలరమ్మ కింద పడుకుంది. భోజనాలయ్యాక మొదలుపెట్టారు, ఎండ షెడ్డులోంచి గోడ మీదికి పాకింది, ఆయిలు డబ్బా సగమైంది, పెడలు ఇంకా మెత్తగానే ఉంది. కష్టపడితే ఫలితం ఉంటుందని చెప్పేవాళ్ళు ఆ మధ్యాహ్నం అక్కడ ఉండాల్సింది. ఇద్దరూ చెమటోడ్చి కష్టపడ్డారు, కష్టపడి గాలినే లోపలికి ఎక్కించారు.

“మీరు సరిగ్గా తొక్కడం లేదు.”

“ఇరవై ఏళ్ళు తొక్కినవాణ్ణి. నువ్వే సరిగ్గా విప్పడం లేదు.”

“విప్పడం నాకు చెప్పకండి!”

అప్పుడు వచ్చాడు బావగారు. పని ఎక్కడిదాకా వచ్చిందో చూసిపోదామని వచ్చి, బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. ఇద్దరూ ఆయన్ని చూడనట్టే పని సాగించారు.

“వదులు!” అంది కింద నుంచి టైలరమ్మ.

స్టీరింగు కాలు తీశాడు.

“బిగువు!” అంది.

స్టీరింగు బలమంతా పెట్టి తొక్కాడు.

“వదులు!”

కాలు తీశాడు.

బావగారు కాసేపు ఇటూ అటూ చూశాడు. తర్వాత బకెట్టు మీద నుంచి పడబోయేంత నవ్వాడు. నవ్వుతూనే వంగి బండి కిందికి తొంగిచూశాడు.

“అమ్మాయ్, ఒక్కమాట. నువ్వు వదులు అంటున్నది నట్టునా, వీడి కాలునా?”

“నట్టునే! నట్టు వదులైంది అని చెబుతున్నా. నడుం వదులు, భుజం బిగువు అని కొలతలు చెప్పమా?”

“ఒరేయ్, మరి నువ్వు ఏం వింటున్నావు?”

“వదలమంటోంది, వదిలేస్తున్నా,” అన్నాడు స్టీరింగు.

టైలరమ్మ జరజరా బయటికి పాకింది. మొహం మీద ఆయిలు చారలు. “నేను మిమ్మల్ని ఎప్పుడైనా ‘వదులు’ అన్నానా? కాలు తీయమనాలంటే ‘వదలండి’ అనేదాన్ని కదా!”

స్టీరింగు చూపు గడియారం లేని గోడ మీదికి తిప్పుకున్నాడు. “అదే అనుకున్నా. మధ్యాహ్నం నుంచీ ఇదేంటి నన్ను నువ్వు అంటోంది అని. పోనీలే, బండి కింద పడుకున్న మనిషి మర్యాదలేం చూస్తుంది అని సర్దుకున్నా.”

“సర్దుకున్నారా! అడగొచ్చుగా!”

“అడిగితే ఇంకేం అంటావోనని.”

ఆ రోజు నుంచి షెడ్డులో ‘వదులు’ నిషేధం. కాలు నొక్కాలంటే ‘కుట్టండి’, తీయాలంటే ‘తెంపండి’. ఇంకే మాట చెవిన పడినా కాలు కదపనని స్టీరింగు ఒట్టు పెట్టుకున్నాడు. చీకటి పడకముందే నాలుగు చక్రాల బ్రేకు గొట్టాల్లోని గాలీ పోయింది, పెడలు రాయిలా నిలిచింది. నవ్వినందుకు ప్రాయశ్చిత్తంగా ఆయిలు డబ్బా పట్టుకుని అందించింది బావగారే. ఒకేసారి చేతికందే ఇనుము డబ్బుకి తనే గండి కొట్టుకుంటున్న సంగతి ఆయనకి ఇంటికెళ్ళాక తట్టి ఉండాలి.

గడువు చివరి రోజున ముగ్గురూ బండ్లు పరీక్షించే ఆఫీసుకి వెళ్ళారు. పరీక్ష పెట్టే అధికారి వయసులో చిన్నవాడు, తండ్రి వయసు డ్రైవర్లని కూడా నువ్వు అనే రకం. తొట్టెకి కట్టిన రేకు పక్కలు కొలిచాడు, పైన మడిచి కట్టిన టార్పాలిన్ పందిరి విప్పించి చూశాడు, మిషను బిగించిన బోల్టులు కదిపి చూశాడు. వంక దొరకలేదు. చివరికి ఏటవాలు మీద బ్రేకు పరీక్ష. టైలరమ్మనీ బావగారినీ కంచె అవతల నిలబెట్టాడు.

“పైకి ఎక్కించు. ఆపు. ఆ... ఇప్పుడు బ్రేకు వదులు.”

బండి కదల్లేదు.

“వదులు!”

స్టీరింగు మెడ మీద నరం కనిపిస్తోంది. కాలు ఇంకా గట్టిగా నొక్కాడు. వారం రోజుల సాధన, ఊరికే పోతుందా?

“ఏమయ్యా, చెవుడా? వదులు అంటుంటే! బ్రేకు పట్టేసిందా?” అధికారి జేబులోంచి పెన్ను తీశాడు. పట్టేసిన బ్రేకు అని రాస్తే కథ అయిపోయినట్టే.

కంచె అవతల నుంచి టైలరమ్మ గొంతెత్తి అరిచింది. “తెంపండీ!”

కాలు లేచింది. బండి వెనక్కి జారింది, ఒక మూర, రెండు మూరలు.

“కుట్టండీ!”

బండి ఉన్నచోట నిలిచిపోయింది. టైర్ల కింద కంకర చిటపటలాడింది.

అధికారి పెన్ను గాల్లోనే ఉంది. “ఏంటమ్మా ఈ భాష?”

“టైలరు భాష సార్.”

“బండి నడిపేది ఆయనా, నువ్వా?”

“ఆయనే సార్. నేను కుడతాను.”

అతను నవ్వలేదు. ఇంకో రెండుసార్లు ఎక్కించి, ‘తెంపు’, ‘కుట్టు’ అని తనే చెప్పి చూశాడు. మూడోసారికి ‘తెంపండి’ అన్నాడు. తర్వాత వెనక ఎడమ దీపం వెలగడం లేదని, అది మార్చి చూపిస్తే సంతకం పెడతానని అన్నాడు. ఆఫీసు మూసే వేళ దగ్గరపడింది. టైలరమ్మ సంచి వెతుక్కునేలోపు బావగారు రోడ్డు దాటి బల్బు కొనుక్కొచ్చాడు. తనే బిగించాడు కూడా.

“మీరెందుకు కొన్నారు బావగారూ?”

“ఆ ఇనుము వాడు ఎలాగూ సరిగ్గా డబ్బులివ్వడు,” అన్నాడాయన, ఎవరూ అడగని ప్రశ్నకి జవాబుగా.

ఇప్పుడు ఆ పికప్పు పొద్దున బస్సు డిపో గేటు దగ్గర, సాయంత్రం ఆసుపత్రి ఎదురుగా ఆగుతుంది. డ్రైవర్ల యూనిఫారాలు, నర్సుల కోట్లు, తెగిన జిప్పులు, ఊడిన గుండీలు. టార్పాలిన్ పందిరి కింద మిషను చప్పుడు, ముందు సీట్లో స్టీరింగు నిద్ర. బేరాలు అద్దె గదిలో ఉన్నప్పటి కంటే బాగున్నాయి, వానాకాలంలో మాత్రం పందిరి ఒక మూల కారుతుంది. దాన్ని కుట్టింది ఆవిడే కాబట్టి ఎవరినీ తిట్టడానికి లేదు.

మొన్న బావగారు ప్యాంటు పట్టుకొచ్చాడు. “నడుం దగ్గర కాస్త వదులు చెయ్యి అమ్మాయ్. కూలి నాకివ్వాల్సిన బాకీలో తగ్గించుకో.”

“ఆ లెక్క వేరు, ఈ లెక్క వేరు బావగారూ. కూలి ఇచ్చి ప్యాంటు తీసుకెళ్ళండి.”

ఆయన ఇచ్చే తీసుకెళ్ళాడు. టైలరమ్మ ఆయనకి ఇంకా రెండు వాయిదాలూ, ఒక బల్బు ఖరీదూ బాకీ.