దసరా పూజకు నిద్రపోయిన సర్వర్

తినే అన్నం మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. నా మాటల్లో సగం కొట్టేసి వినే స్నేహితులు ఈ ఒక్కసారికి ఆ పని చెయ్యొద్దు.

తెలంగాణ ఇంకా రాని రోజులు. నాచారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసేవాణ్ణి. పెట్టెల మీద అంటించే లేబుళ్లన్నీ ఒక లైనక్స్ కంప్యూటర్ నుంచే అచ్చయ్యేవి. అది మొండికేస్తే వ్యాన్ కదలదు. వ్యాన్ కదలకపోతే మా మేనేజర్ అరిచే అరుపుకు ఉప్పల్ రింగురోడ్డు మీద బస్సులు ఆగిపోయేవి.

మా ఆవిడకు ఎనిమిదో నెల. మంచం దిగనివ్వొద్దు, ఒంటరిగా వదలొద్దు అంది డాక్టరమ్మ. మేనేజర్‌ను బతిమాలితే, "లేబుళ్లు ఆగకుంటె సాలు, ఇంట్లకెల్లే జేస్కో" అన్నాడు. అందుకని ఉప్పల్‌లో ఇంటి నుంచే లాగిన్ అయ్యేలా ఆ కంప్యూటర్‌లో ఎస్ఎస్‌హెచ్ సర్వర్ అనే ప్రోగ్రాం పెట్టాను. ఆమె మంచం పక్కన కూర్చునే నాచారంలో లేబుళ్లు తీయించేవాణ్ణి.

దసరా మధ్యాహ్నం లాగిన్ కాబోతే కనెక్షన్ దొరకలేదు. స్టోర్‌కీపర్‌కు ఫోన్ చేశాను.

"దాన్నేం జేసినవ్ అన్నా?"

"ఏం జెయ్యలే తమ్మీ. మిషన్లన్ని బంద్ వెట్టి పూజ జేసినం. గదొక్కటి నడుస్తుంటె బాగుండదని దాన్ని గూడ బంద్ జేసి, దండేసి, మల్ల ఆన్ జేసిన."

ఆ సర్వర్‌ను నేను చేత్తో స్టార్ట్ చేశానే గాని, కంప్యూటర్ ఆన్ అయినప్పుడల్లా తనంతట తనే లేచేలా పెట్టలేదు.

"నేను చెప్పింది కొట్టు అన్నా."

"ఏడ కొట్టాలె? కీబోర్డు నిండ పసుపు, కుంకుమ. ఒక్క అక్షరం కనవడ్తలే. పండుగ పూట బొట్లు తుడుస్తమా? నువ్వే రా. సారు ఒకటే లొల్లి, నిన్ను పనిలకెల్లి తీసేస్తా అంటుండు."

మా ఆవిడ వైపు చూశాను. "పో. నాకేం గాదు" అంది. పక్కింటి అక్కకు చెప్పి బండి తీశాను. హబ్సిగూడ దాటేదాకా చక్రాలు నేలకు తగిలితే ఒట్టు.

సర్వర్ లేచింది. వ్యాన్ వెళ్లింది. నేను తిరిగొచ్చేసరికి ఇంటికి తాళం. నొప్పులొస్తే అక్కే ఆటోలో దవాఖానాకు తీసుకుపోయిందట. పాప నెల ముందే పుట్టింది. తల్లీబిడ్డలు దక్కారు. కాన్పుగది బయట నేను నిలబడాల్సిన చోట అక్క నిలబడి ఉంది.

ఇక ఒట్టు సంగతి. బస్సులూ చక్రాలూ మీరెలాగూ నమ్మి ఉండరు, వాటి జోలికి పోను. నేను నిజంగా కల్పించింది ఒక్క మాట. "పో, నాకేం గాదు" అని మా ఆవిడ అనలేదు. నేను బండి తాళంచెవి అందుకుంటుంటే గోడవైపు తిరిగి పడుకుంది.