మనిషి వచ్చి చెప్పాలి

మా బంధువుల గ్రూపులో ఎవరో పోయారని మెసేజ్ వస్తే చాలు, రెప్పపాటులో దాని కింద దండాల బొమ్మలు బారులు తీరుతాయి. పోయింది ఎవరో కూడా చదవకుండా దండం పెట్టేసేవాళ్ళున్నారని నా గట్టి నమ్మకం. ఆమధ్య ఒకరు తమ ఇంట్లో పెళ్ళికి ముహూర్తం కుదిరిందని రాస్తే, ఒక పెద్దాయన దాని కింద కూడా అదే దండం పెట్టి ఆత్మశాంతి కోరాడు. అందరూ పడీపడీ నవ్వుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ గ్రూపులో మా అత్త లేదు. అత్తంటే నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. ఆవిడ దగ్గర ఇప్పటికీ బటన్లు నొక్కే చిన్న ఫోనే ఉంది. క్షేమసమాచారాలు అడిగితే చక్కగా మాట్లాడుతుంది. ఫలానా ఆయన పోయాడట అని మొదలుపెడితే మాత్రం మాట పూర్తికాకుండానే పెట్టేస్తుంది.

మా వాళ్ళంతా దాన్ని చాదస్తం అంటారు. అనేవాళ్ళు అననీ. ఎందుకలా అయిందో నాకు తెలుసు.

మాది యానాంలో మెట్టకూరు. నా చిన్నతనంలో మా ఇళ్ళలో చావు కబురు మనిషే తీసుకెళ్ళేవాడు. వెళ్ళే మనిషి ముందు పోయినవాళ్ళని తన కళ్ళతో చూడాలి. ఎవరో చెప్పారని బయల్దేరకూడదు. వెళ్ళినచోట గుమ్మం దాటడు, ఇచ్చిన మంచినీళ్ళు తాగడు. బయటే నిలబడి, "పెద్దాయన కాలం చేసేరండి, నేను చూసే వస్తన్నాను" అని వెనక్కి తిరిగిపోతాడు. చూసే వస్తున్నానన్న ఆ మాట అంటేనే కబురు అందినట్టు. అన్నిటికంటే ముందు ఆడపిల్లల ఇళ్ళకి వెళ్ళాలి. ఆ వరస తప్పితే తోడబుట్టినవాళ్ళ మధ్య కూడా ఏళ్ళ తరబడి మాటలుండేవి కావు. ఆ పట్టింపు చూసి నేనూ విసుక్కున్న రోజులున్నాయి.

అన్నయ్య కాకినాడలో ఉద్యోగంలో చేరిన కొత్తలో టచ్ ఫోను కొన్నాడు. మా వీధిలో అదే మొదటిది. వేలితో తోస్తే ఫొటోలు జరగడం చూడ్డానికి పక్కింటివాళ్ళు కూడా వచ్చారు. అమ్మ తడిచేత్తో ముట్టుకోబోతే కసిరాడు. జనం అప్పుడప్పుడే స్నేహితుల సైట్లలో చేరుతున్నారు. అంతవరకూ అన్నయ్య ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని చూసుకునేవాడు. ఇప్పుడు అదంతా జేబులోకి వచ్చేసరికి మనిషి మాకు దక్కకుండా పోయాడు. అన్నం ముందు కూర్చున్నా అదే, గోదావరి గట్టు మీదకి షికారు వెళ్ళినా అదే. చందువా చేప వేపుడు చేస్తే చల్లారిపోయేదాకా ఫొటోలు తీసేవాడు. తనకి జ్వరమొచ్చిన సంగతి ఇంట్లో మాకంటే ముందు ఫోనులో వాళ్ళకి తెలిసేది. ఎవరెవరు ఏమన్నారో చూసుకుని మురిసిపోయేవాడు.

ఆ వేసవిలోనే తాతయ్య మంచాన పడ్డాడు. కాకినాడ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ అత్త ఆయన మంచం పక్కనే నేల మీద పడుకుంది. ఆవిడ ఇల్లు మా పక్కనే కనకాలపేటలో. మామయ్య లారీ మీద ఊళ్ళు తిరిగేవాడు, ఇంటి పట్టున ఉండేది తక్కువ. ఒకరోజు తాతయ్య కాస్త కుదుటపడ్డట్టు కనిపిస్తే, తలంటుకుని బట్టలు మార్చుకుని వస్తానని ఇంటికి వెళ్ళింది. ఆవిడ అలా వెళ్ళగానే డాక్టరు నాన్నని పిలిచి, ఇంక ఇంటికి తీసుకెళ్ళిపోండి అన్నాడు. మా వైపు ఆ మాటకి ఒకటే అర్థం.

నాన్న, అన్నయ్య ఆయన్ని అంబులెన్సులో ఎక్కించుకుని బయల్దేరారు. ఆ హడావిడిలో అత్తకి చెప్పాలని ఎవరికీ తోచలేదు. కానీ ఫోనులో పెట్టాలని అన్నయ్యకి తోచింది. అంబులెన్సు యానాం చేరకముందే, తెల్లపంచె కట్టుకుని నవ్వుతున్న తాతయ్య ఫొటో వెతికి, మా తాతయ్య మమ్మల్ని వదిలి వెళ్ళిపోయారు అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పెట్టేశాడు. ఇదేం పనిరా అని తర్వాత నిలదీశాను.

"ఎలాగూ పోతారనే కదే డాక్టరు పంపించేసేడు," అన్నాడు. మళ్ళీ తనే, "అందరూ ఓదారుస్తా ఉంటే నాకూ కాస్త ధైర్యంగా అనిపించింది," అన్నాడు. అది నిజమే అయివుంటుంది. అందుకే నాకు ఇంకా అసహ్యం వేసింది.

అత్త మరిది కొడుకు పాండిచ్చేరిలో చదువుకుంటున్నాడు. వాడు అది చూసి కనకాలపేటలో అత్తకి ఫోను చేశాడు. మెట్టకూరు నుంచి పక్కనున్న కనకాలపేటకి కబురు పాండిచ్చేరి చుట్టి వెళ్ళింది.

ఇక్కడ మా ఇంట్లో తాతయ్యని దించి వసారాలో నవారు మంచం మీద పడుకోబెట్టాం. ఇంటి గాలి తగిలిందో ఏమో, కళ్ళు తెరిచి దాహం అన్నాడు. అమ్మ గబగబా కొబ్బరిబొండాం కొట్టించింది. నేను తల కింద చెయ్యి పెట్టి చెంచాతో పోస్తున్నాను. గుటకలు వేస్తుంటే అమ్మ ఏడుస్తూనే నవ్వింది. సరిగ్గా అప్పుడే వీధి మొదట్లో ఏడుపు వినిపించింది.

మాలో తండ్రి పోయాడంటే ఆడపిల్ల వీధి మలుపులోనే ఏడుపు ఎత్తుకుంటుంది. బతికున్నప్పుడు ఆయన చేసినవన్నీ చెప్పుకుంటూ వస్తుంది. "ఓ నాన్నా, సైకిలెక్కించుకుని బడికాడ దింపేవోడివి కదా నాన్నా! నాకు పురుడొస్తే ఆసుపత్రి మెట్ల మీదే తెల్లార్లూ కూచున్నావు కదా నాన్నా! ఇంక నన్ను అమ్మాయ్ అని ఎవరు పిలుస్తారు నాన్నా!" జుట్టు ముడి ఊడిపోయి, చంకలో కొత్తపంచె, చేతిలో బంతిపూల దండ. పోయిన తండ్రి మీద కొత్తబట్ట కప్పేది కూతురే. వెనక వీధి వీధంతా కళ్ళొత్తుకుంటూ వస్తోంది.

తాతయ్య తల కొంచెం తిప్పి నన్ను అడిగాడు. "ఎవరే పోయేరు?"

అత్త మెట్టెక్కి చూసింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది, ఏడుపు మాత్రం ఆగిపోయింది. తాతయ్య కూతురి మొహం చూశాడు. తర్వాత పంచె చూశాడు, దండ చూశాడు. ఆయనకి చూపు ఆనుతూనే ఉంది, తెలివీ ఉంది.

"నాకేనా అమ్మాయ్?" అన్నాడు.

ఆయన కోపంగా అనలేదు. పండక్కి బట్టలు తెస్తే అడిగినట్టే అడిగాడు. అత్త చేతిలోవి మెట్టు మీద వదిలేసి, విరబోసుకున్న జుట్టుతోనే వెనక్కి నడిచి వెళ్ళిపోయింది. ఏడుస్తూ వచ్చినవాళ్ళు పక్కకి తప్పుకుని దారిచ్చారు.

అన్నయ్య ఆ ఫొటో తీసేశాడు. తీసేశాను కదా, ఇంకేం చెయ్యమంటారు అన్నాడు. అత్త ఏడుపు అలా తీసేస్తే పోయేది కాదు కదా, వీధంతా విన్నారు. బతికున్న తండ్రికి ఏడుపెత్తిన మనిషని చాటుగా అనేవాళ్ళు అన్నారు, మొహం మీద అనేవాళ్ళూ అన్నారు. ఫొటో పెట్టినవాణ్ణి ఒక్కరూ ఒక్క మాట అన్న పాపాన పోలేదు. నాన్న అయితే మరీను. "నిజమో కాదో కనుక్కోవద్దా? దండ పట్టుకుని పరిగెత్తుకొచ్చేయడమేనా?" అని చెల్లెలి మీదే విరుచుకుపడ్డాడు. కబురు పంపకపోవడం మన తప్పు కదండీ అని అమ్మ మెల్లగా అంటే ఉరిమి చూశాడు.

తాతయ్య ఆ తర్వాత కొన్ని వారాలు బతికాడు. గేటు చప్పుడైనప్పుడల్లా "అమ్మాయొచ్చిందా?" అనేవాడు. ఆయనకి ఇంక వేరే కోరిక లేదు. చివరికి నాన్న ఫోను తీసి, "నాన్న నిన్ను చూడాలంటన్నాడు, రా" అన్నాడు. అవతల అత్త గొంతు నాకు వినిపిస్తూనే ఉంది.

"మనిషిని పంపన్నయ్యా, వస్తాను. మీ అబ్బాయినే పంపు. ఆడొచ్చి, అత్తా తప్పు నాదీ అని వీధిలో నిలబడి ఒక్కసారి అంటే చాలు."

"నా కొడుకు వచ్చి నీ కాళ్ళు పట్టుకోవాలా ఏంటి!" అని నాన్న ఫోను మంచం మీద విసిరేశాడు. అన్నయ్య ఆ సాయంత్రం బండి తాళాలు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళాడు. నాన్న ఎక్కడికని అడిగేసరికి తిరిగొచ్చి కూర్చున్నాడు.

నేను ఆటో ఎక్కి వెళ్ళాను. అత్త నాకు అన్నం పెట్టింది. తాతయ్య ఏం తింటున్నాడు, నిద్ర పడుతోందా, వీపు ఒరుసుకుపోయిందా అని అన్నీ అడిగింది. రమ్మంటే మాత్రం, "మీ నాన్న పంపేడా?" అంది. లేదన్నాను. "నాకేనా అని అడిగేడే మా నాన్న. ఆ మాట విన్నాక నా అంతట నేనొచ్చి ఆయనెదురుగా ఎలా నిలబడనే?" అంది. నేను బతిమాలాను. చెయ్యి కడుక్కోమని చెంబుతో నీళ్ళిచ్చింది.

తాతయ్య పోయిన రోజు నేను కాకినాడలో పరీక్ష రాస్తున్నాను. బయటికొచ్చి ఫోను తెరిస్తే అన్నయ్య మెసేజ్ ఉంది. బస్సు పట్టుకుని ఇంటికి చేరేసరికి నవారు మంచం గోడకి నిలబెట్టి ఉంది. అమ్మ వసారా కడుగుతోంది. మగవాళ్ళు ఇంకా శ్మశానం నుంచి రాలేదు. అత్తేదని అడిగాను.

"నమ్మలేదే," అంది అమ్మ. "నేను చేసేను, మీ అన్నయ్య చేసేడు. పాండిచ్చేరి నుంచి ఆ పిల్లాడు చేస్తే, అప్పుడూ నువ్వే చెప్పేవు కదరా అని పెట్టేసిందంట. మళ్ళీ నన్ను నలుగురిలో నవ్వులపాలు చేస్తారా, నిజమైతే మనిషిని పంపండి, చూసిన మనిషొచ్చి చెప్పాలి అంది. పెద్దోళ్ళు ఆగుదామన్నారు. మీ నాన్న, చెప్పేం, రానంది, ఎత్తండి అన్నాడు."

ఇంత దగ్గర ఊరికి ఒక్క మనిషిని పంపి ఉంటే సరిపోయేది. పంపితే కొడుకుది తప్పని ఒప్పుకున్నట్టు అవుతుందని నాన్న భయం. నాకు నాన్న మీద ఆ రోజు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

అత్త వచ్చిన సంగతి నాకు తెలియనే లేదు. వీధిలో ఏడుపు వినిపించలేదు మరి. తలెత్తి చూస్తే మెట్టు దగ్గర నిలబడి ఉంది. చేతులకి ఇంకా సబ్బునురగ ఉంది. కనకాలపేట నుంచి దహనానికి వచ్చిన ఒకాయన తిరిగి వెళుతూ, పెరట్లో బట్టలుతుకుతున్న ఆవిణ్ణి చూసి గేటు బయటే ఆగాడట. మీరు రాలేదేంటమ్మా, నేను చూసే వస్తన్నాను అన్నాడట.

"ఏడీ?" అంది అత్త.

అమ్మ చీపురు పట్టుకుని అలాగే నిలబడింది. అత్త వచ్చి, మంచం ఉండే చోట తడినేల మీద కూర్చుంది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి చల్లగా ఉంది. కాసేపటికి నాన్న గోదావరిలో మునిగి తడిబట్టలతో వచ్చాడు. చెల్లెల్ని చూసి మెట్టు మీదే ఆగిపోయాడు. అత్త ఆయన వైపు చూసింది.

"ఏడుపు రావట్లేదన్నయ్యా," అంది. "ఆయన వింటండగానే ఏడ్చేసేను."