ఆర్చీ పూసిన సిమెంటు

స్కాట్లాండు తీరంలోని మా ఊరి హై స్ట్రీట్‌లో ఉన్ని అమ్మే మోరాగ్ కిన్‌లాక్ రోజూ కొట్టు తెరిచే ముందు చీపురు పట్టుకుంటుంది. ముందు గోడ వారన లోపల రాలిన ఎర్రటి ఇసుకను బొగ్గుల పారలోకి ఎత్తి, పెరట్లో పోసి, చేతులు తుడుచుకుని, అప్పుడు ఉన్ని ఉండలు సర్దుతుంది. కింద కొట్టు, పైన కాపురం. తాతల నాటి ఆ ఇసుకరాతి గోడకు ఆమె భర్త ఆర్చీ, పెళ్లయిన కొత్తలో, వాన చెమ్మ దిగకూడదని బయటివైపు పాత సున్నం గీకేసి సిమెంటు పూశాడు. ఆ వేసవంతా నిచ్చెన మీదే ఉన్నాడు. ఆర్చీ పోయి చాలా కాలమైంది. వీధిలో ఎవరైనా ఆగితే ఆమె ఆ గోడను అరచేత్తో గట్టిగా తట్టి, "చూడండి, వెంట్రుకంత బీట లేదు" అంటుంది.

మొన్న తాపీమేస్త్రి డూగల్ వచ్చి లోపలి రాతిని బొటనవేలితో నొక్కాడు. అది బెల్లంలా పొడిపొడిగా రాలింది.

"అమ్మా, సున్నమైతే చెమ్మను బయటికి వదిలేది. సిమెంటు వదల్లేదు. రాయి లోపలే కుళ్లిపోయింది."

"అయితే ఆ సిమెంటు తీసెయ్యి."

"తీస్తే రాయి కూడా ఊడొస్తుంది. ఇప్పుడు గోడని పట్టుకుని ఉన్నది మీ ఆయన సిమెంటే. అదీ ఎన్నాళ్లో చెప్పలేను. మీరు మాత్రం పైన పడుకోకండి."

"మరెక్కడ పడుకోను, నీ ఇంట్లోనా? మీ ఆవిడ ఊరుకుంటుందా?"

డూగల్ నవ్వలేదు.

మర్నాడు ఇసుక ఇంకాస్త ఎక్కువే రాలింది. మోరాగ్ ఊడ్చి పారబోసి తలుపు తీసింది. ఎవరో కొత్తవాళ్లు గోడను చూస్తూ నిలబడ్డారు. ఆమె అలవాటుగా అరచెయ్యి ఎత్తింది. తట్టలేదు. నిద్రపోయే బిడ్డ మీద వేసినట్టు మెల్లగా ఆనించి, "వెంట్రుకంత బీట లేదు" అంది.