పలకరాళ్ల గ్రౌండ్‌లో నేర్చిన ఆట

మార్కాపురంలో నేను చదివిన కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు ఇదే ఆఖరి సీజన్ కావచ్చట. వచ్చే నెల అంతర్ కళాశాలల పోటీల్లో మొదటి మ్యాచ్ కూడా గెలవకపోతే జట్టును ఎత్తేస్తామని పైవాళ్లు చెప్పేశారు. దానికి ముందు గిద్దలూరులో ఒక స్నేహపూర్వక మ్యాచ్ ఉందని, పాతవాళ్లు వస్తే పిల్లలకు ధైర్యంగా ఉంటుందని కొత్త పీడీ సారు ఫోన్ చేశారు. పన్నెండేళ్ల కిందట ఆ జట్టు కెప్టెన్‌ని నేను; ఆ సంగతి ఆయనకు తెలియదు. అప్పటినుంచి ఒక్కసారి కూడా అటు తొంగిచూడలేదు. సిగ్గుపడుతూనే బయల్దేరాను.

శనివారం పొద్దున గుంటూరులో రైలెక్కితే మధ్యాహ్నానికి మార్కాపురం రోడ్‌లో దిగాను. కురిచేడు దాటాక కిటికీలోంచి వచ్చే గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టే ఉంటుంది, నీళ్లు దగ్గర పెట్టుకోండి. స్టేషన్ నుంచి ఊరు దూరం. షేర్ ఆటోకు ముప్ఫై రూపాయలు. గ్రౌండ్ దగ్గర దింపమంటే డ్రైవర్ నవ్వాడు. "అదేం గ్రౌండన్నా! పలకల ముక్కలన్నీ ఆడనే పోసినారు. పడితే తోలు ఊడి వస్తది."

నిజమే. మా రోజుల్లోనూ అంతే. పలకలు కోయగా మిగిలిన పెచ్చులు మట్టిలో కలిసిపోయి, బ్లేడుల్లా పైకి లేచి ఉండేవి.

ఆదివారం ఏడు గంటల బస్సులో జట్టుతోపాటు కంభం మీదుగా గిద్దలూరు వెళ్లాను. రెండు గంటల పైనే పట్టింది. బస్టాండ్ పక్కన మరమరాలతో చేసే ఉగ్గాని, బజ్జీ తిన్నాం. వండే ఆమె పిల్లల ప్లేట్లలో అడక్కుండానే ఇంకో గరిటె వేసి, "గెలిచి రాండి నాయనా" అంది.

గెలవలేదు. పిల్లలు బాగా పరిగెత్తారు, పాసులూ బాగున్నాయి. కానీ గోల్‌కీపర్ ప్రభుదాసు ఒక్కసారి కూడా దూకలేదు. బంతి పక్కనుంచి పోతుంటే నిలబడే కాలు చాపాడు. మూడు గోల్సూ అలాగే పోయాయి. అక్కడేమో మెత్తటి గడ్డి.

"ఎందుకు దూకలేదు తమ్ముడూ?" అని అడిగాను.

"మా కాలేజీలో పడేది లేదన్నా. కీపరైనా నిలబడే ఆడాల. ఎప్పుడో ఒక కెప్టెన్ ఈ రూలు పెట్టినాడంట. ఎవరికో మోకాలు తెగితే, ఇంకెవరికీ తెగగూడదని ఒట్టేయించినాడంట. శానా మంచోడంట."

పీడీ సారు తల కొట్టుకున్నారు. "రెండేండ్ల నుంచి చెప్తానే ఉన్నా, వినరు. ఆ కెప్టెనే వచ్చి మా ముందర నిలబడి ఆ ఒట్టు తీసేస్తేనే దూకుతామంటారు. ఆయనెవరో, యాడున్నాడో!"

ఆ కెప్టెన్‌ని నేనే. నా స్నేహితుడి మోకాలికి కుట్లు పడిన సాయంత్రం అందరిచేతా బంతి మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించాను. ఆ గ్రౌండ్ వరకే అని ఒక్క ముక్క చేర్చడం మరిచిపోయాను. ఇప్పుడైనా చెప్పాల్సింది. ఓడిపోయి తలలు దించుకున్న పిల్లల ముందు, ఈ మూడు గోల్సూ నావల్లే అని చెప్పడానికి నోరు రాలేదు. రైలుకు టైమైందని చెప్పి గిద్దలూరు స్టేషన్‌కు వచ్చి గుంటూరు రైలెక్కేశాను.

దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను. మంచి మనసుతో పెట్టినదాన్ని తీసేయాల్సిన రోజు కూడా మనమే చూసుకోవాలి. వదిలేసి వెళ్లిపోతే, మన మీది గౌరవంతోనే ఎవరో ఓడిపోతూ ఉంటారు. మార్కాపురంలో దిగి, రేపు పొద్దున ప్రాక్టీసుకు వెళ్లి, ఆ పిల్లవాడికి దూకమని చెబుదామని తర్లుపాడు దగ్గర నిశ్చయించుకున్నాను. మార్కాపురం రోడ్ స్టేషన్ వచ్చింది. లేచాను, కూర్చున్నాను, మళ్లీ లేచి బ్యాగు అందుకున్నాను. అప్పటికే ప్లాట్‌ఫారం వెనక్కి పోతోంది.

ఈ దారిలో వెళ్లేవాళ్లకు ఒక్క మాట: మార్కాపురం రోడ్‌లో రైలు ఎక్కువసేపు ఆగదు. దిగాలనుకుంటే ముందే తలుపు దగ్గరికి వచ్చి నిలబడండి.