తిరగేసిన శాలువా

మా బావ బాబావలి కుదురుగా కూర్చుని అన్నం తిన్న రోజు నాకు గుర్తు లేదు. నోట్లో ముద్ద ఉండగానే లేచి, వాకిట్లోకి పోయి ఆకాశం చూసి వచ్చేవాడు. "అన్నం కాడ నుంచి లేస్తే బరకత్ పోతాది, ఇంట్లో కలిమి నిలవదు" అని మా అక్క మేరాజ్ బీ అరిచేది. తనకల్లు పక్కన ఉన్న మా ఊరి మసీదుకు ఆయన ముల్లా. పూటపూటా నమాజు చేయించడం, పెళ్లికి నిఖా చదవడం, శవం ముందు నడవడం, ఊళ్లో ఎవరు మేకను కోయాలన్నా బిస్మిల్లా చెప్పి కత్తి పెట్టడం ఆయన పని. నేను దర్జీని, పేరు పీర్ మహమ్మద్. నా అంగడి మసీదు గోడను ఆనుకుని ఉండేది. నమాజుకూ నమాజుకూ మధ్య ఆయన పచార్లన్నీ నా అంగడి ముందే.

ఆయనకు పుస్తకాల పిచ్చి. అనంతపురం పోతే ఇంటికి సరుకులు తేవడం మరిచి పాత పుస్తకాలు మోసుకొచ్చేవాడు. చదవడానికి ఏమీ లేని రోజు బెల్లం కట్టిన కాగితమైనా విప్పి చదివేవాడు. అరబ్బీ సూరాలు ఆయనకు నోటికి వచ్చు, అర్థం రాదు. వాళ్ల నాయన అట్లాగే నేర్చుకున్నాడు, అట్లాగే నేర్పించాడు. ఇంకో ముల్లా అయితే ఆ సంగతి తలుచుకోను కూడా తలుచుకోడు. మా బావకు మాత్రం అది కాలిలో విరిగిన ముల్లు.

"పీరూ, అరబ్బీ చదివితే నోరు తియ్యగుంటాది. తెలుగు చదివితే కడుపు నిండుతాది. దేవునికి ఏది చేరుతాదంటావు?"

"నాకేం తెలుసు బావా. నీ నీడ మిషన్ మీద పడతాండాది, పక్కకు జరుగు."

జరిగేవాడు. చొక్కా చెయ్యి అతికేలోపు మళ్లీ వచ్చి అదే మాట అడిగేవాడు. ఒకరోజు నాకు ఒళ్లు మండి, "నువ్వు అడుగుతాండేది నన్నా, దేవుణ్ణా?" అన్నాను.

"ఇద్దరూ పలకరు గదప్పా" అన్నాడు.

అంత కుదురులేని మనిషి కదలకుండా కూర్చునేది ఒక్క తోలుబొమ్మలాట ముందే. ధర్మవరం వైపు నుంచి ఈశ్వరప్ప మేళం వచ్చిందంటే, తెర కట్టింది మొదలు దీపం ఆర్పేదాకా మా బావ పిల్లల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. కన్ను కూడా ఆర్పేవాడు కాడు. బొమ్మలకు ప్రాణం పోయడం మన దాంట్లో తప్పు కదా అని అడిగితే, ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

"ఈశ్వరప్ప యాడ పోస్తాండాడు? ఆయప్ప ఊపుతాండాడంతే. ప్రాణం పోసేది చూసే మనమే."

ఈ మాట మసీదు జమాతు పెద్ద నబీ సాబ్ చెవిన పడింది. ముల్లా ఆట చూడడం తప్పన్నాడు. నబీ సాబ్ తోళ్ల వ్యాపారి. మా ఊరి మేకల తోళ్లన్నీ ఆయన కొట్టంలోకే చేరేవి. వాటిలో పల్చటివి ఏరి ఈశ్వరప్ప బొమ్మలకని కొనుక్కుపోయేవాడు. అంటే మా బావ బిస్మిల్లా చెప్పి కోసిన మేకే, నబీ సాబ్ చేతుల మీదుగా పోయి, తెర మీద రాజై కూర్చునేది. తోలు అమ్మొచ్చట, అది ఆడితే చూడకూడదట. ఈ న్యాయం నాకు అప్పుడూ తలకెక్కలేదు, ఇప్పుడూ ఎక్కదు.

ఒక చలికాలం మా బావ ఒక పాత బట్టను చంకలో పెట్టుకుని వచ్చాడు. విప్పి చూస్తే ఈశ్వరప్ప పాత తెర. కొత్తది కట్టుకుని దీన్ని ఆయనకిచ్చాడట. ఆట సాగినంతసేపూ సభలో కూర్చునే రాజు బొమ్మను తెరకు తుమ్మముళ్లతో గుచ్చి ఉంచుతారు. ఏళ్ల తరబడి ఒకే చోట గుచ్చడంతో నూనె, రంగు, దీపం పొగ కలిసి ఆ రాజు తెరలోనే దిగిపోయాడు. కిరీటం, కోర మీసం, ఎత్తిన చెయ్యి అన్నీ తెలుస్తున్నాయి.

"నా శాలువా పల్చబడింది. దీన్ని లోపల వేసి కుట్టు" అన్నాడు.

"నీకేమన్నా మతి పోయిందా బావా? నబీ సాబ్ చూస్తే?"

"లోపలుండేది ఎవరు చూస్తారప్పా? దేవుడు చూస్తాడు. ఆయన చాడీలు చెప్పడులే."

చెబితే వినే మనిషి కాదు. కుట్టి ఇచ్చాను. పైన ఊదారంగు శాలువా, లోపల రాజు. దాన్ని కప్పుకుంటే వెచ్చగా ఉందని ఆ చలికాలమంతా మురిసిపోయాడు.

ఆ తరువాత పంతొమ్మిదివందల అరవైల్లో వానలు వరసగా మొహం చాటేశాయి. విత్తిన వేరుశనక్కాయ భూమిలోనే మాడిపోయింది. పశువులకు వేయడానికి ఇంటి కప్పుల మీది బోదగడ్డి పీకారు. వానలు లేకుంటే తోలుబొమ్మలాట ఆడించడం మా వైపు ఆనవాయితీ. పెద్ద రైతు తిమ్మప్ప ఈశ్వరప్పకు కబురు పంపి, మసీదు దగ్గరికి కూడా వచ్చాడు.

"మీరూ వాన నమాజు పెట్టండి ముల్లా సాబ్. మా దేవుణ్ణి మేము అడుగుతాము, మీ దేవుణ్ణి మీరడగండి. ఎవురో ఒకరు పలుకుతారు."

ఒక రాత్రి ఆట, మరుసటి ఉదయం ఈద్గా మైదానంలో నమాజు అని తేల్చారు. వెంటనే నబీ సాబ్ నా అంగడికి వచ్చి, నా ముందే మా బావకు చెప్పాడు.

"బొమ్మల కాడ నువ్వు కనపడినావంటే, నీ చోట్లో ఇంకొకర్ని నిలబెడతా. ఇదే ఆఖరి మాట."

మా బావకు ఆ చోటే ప్రాణం. వాళ్ల తాత నిలబడిన చోటు, వాళ్ల నాయన నిలబడిన చోటు. నబీ సాబ్ పోయాక నా మిషన్ చక్రం పట్టుకుని, "ఆడ నిలబడకుంటే నేను ఎవర్ని పీరూ?" అన్నాడు. ఎప్పుడూ వంద మాటలు మాట్లాడే మనిషి అంత చిన్న మాట అడిగేసరికి నాకు దిగులేసింది.

ఆటకు పోలేదు. ఊరంతా తెర ముందు కూర్చుంటే, ఆయన మద్దెల చప్పుడు వింటూ వాకిట్లో ఆ కొసకూ ఈ కొసకూ తిరిగాడట. నేల గుంటలు పడతాదని మా అక్క తిట్టిందట.

వాన నమాజుకు పాత బట్టల్లో, దీనంగా పోవాలి. అందుకని తెల్లారి ఆ పాత శాలువానే కప్పుకుని వచ్చాడు. జమాతంతా వరసల్లో నిలబడింది. వెనక తిమ్మప్ప, మిగతా రైతులు, డొక్కలెండిన ఎద్దులను తోలుకొచ్చి నిలబడ్డారు. మూట కట్టుకుని ఊరికి బయలుదేరిన ఈశ్వరప్ప కూడా ఆగాడు. నమాజు అయింది. ఖుత్బా ప్రసంగం అయింది. ఆ పైన ముల్లా జనానికి వీపు పెట్టి పడమటికి తిరిగి, శాలువాను లోపలిది బయటికి వచ్చేలా తిప్పి కప్పుకోవాలి. మా రాతను ఇట్లా తిప్పు దేవుడా అని దాని అర్థం. ఈ నమాజు చివరిసారి చేయించింది వాళ్ల నాయన, అది మా చిన్నతనంలో. ఆనవాయితీ ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. లోపల ఏముందో ఇద్దరికీ తెలుసు. ఈ రెండూ కలిపి ఆలోచించాలని మాత్రం ఇద్దరికీ తట్టలేదు.

మా బావ శాలువా అంచు మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. అప్పుడు తట్టింది నాకు. తిప్పొద్దు బావా, ఊరికే భుజం మార్చి కప్పుకో, నీ చోటు పోతుంది అని అరవబోయాను.

తిప్పాడు.

ఊదారంగు లోపలికి పోయింది. మా ముల్లా వీపు మీద కిరీటం పెట్టుకున్న రాజు చెయ్యెత్తి నిలబడ్డాడు. నా పక్కన నబీ సాబ్ పళ్లు కొరికిన చప్పుడు వినిపించింది. వెనక ఈశ్వరప్ప "అయ్యో నా తెర!" అన్నాడు. మా బావ అవేవీ పట్టించుకోలేదు. చేతులు పైకెత్తి, అరబ్బీ వదిలిపెట్టి, తెలుగులో మొదలుపెట్టాడు.

"యా అల్లా, లోపలుండేది బయటికి తిప్పి నీ ముందర నిలబడినా. నా కాడ ఇంక దాపరికం లేదు. ఇన్నేండ్లు తెలీని మాటలు చెప్పినా, ఈ పొద్దు తెలిసిన మాట చెప్తాండా. నీళ్లియ్యి. గొడ్లు సస్తాండాయి. నీళ్లియ్యి."

జమాతు ఆమీన్ అంది. వెనక రైతులు "ఇయ్యి సామీ" అన్నారు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను, సిగ్గేమీ లేదు. నిలకడ లేని ఆ మనిషి ఎండ నెత్తికెక్కేదాకా ఆ చేతులు దించలేదు.

వాన రాలేదు. ఆ శుక్రవారం కదిరి నుంచి తెచ్చిన కొత్త ఇమాం ముందు నిలబడ్డాడు. మా బావ శాలువా అట్లాగే తిరగేసి కప్పుకుని వెనక వరసలో గోడ పక్కన నిలబడ్డాడు. నమాజు అవగానే ఎవరితో మాట్లాడకుండా బీళ్ల మీద పడి పోయేవాడు, చీకటి పడ్డాక వచ్చేవాడు. మా అక్క ఆయన్ను తిట్టడం మానేసింది. మనిషి సగమయ్యాడు.

కొత్త ఇమాం మా ఊరి బావిలో అడుగున ఉన్న నీళ్ల రంగు చూసి, నెల తిరక్కుండానే బిచాణా ఎత్తేశాడు. ఇంకెవరూ రామన్నారు. మా బావ అక్కడుండగా నబీ సాబ్ మళ్లీ నా అంగడికి వచ్చాడు.

"ఏమప్పా ముల్లా, నీ చోటు నీకే ఇస్తాండా. ఆ శాలువా సరిగ్గా తిప్పి కప్పుకోని రా. అంతే."

మా బావ మొహం వెలిగింది. ఆ వెలుగు నేను చూశాను. వెంటనే తల వంచి, వినయంగా అన్నాడు.

"ఆ నమాజుకు తిప్పింది, వాన పడేదాకా మళ్లీ తిప్పకూడదు నబీ అన్నా. మన చేతిలో లేదు."

"యాడ రాసిండాది?"

"అరబ్బీలో" అన్నాడు మా బావ.

నబీ సాబ్ నన్ను చూశాడు. నేను సూదిలో దారం ఎక్కించుకుంటున్నాను. మా ఊళ్లో అరబ్బీ చూసి చదివేవాడు మా బావ ఒక్కడే. నబీ సాబ్ అరుగు దిగి, "వాన పడినాకన్నా తిప్పు" అని గొణిగి పోయాడు. ఆ శుక్రవారం మా బావ తన చోట్లో నిలబడ్డాడు. ఆయన వీపు మీద రాజు, ఆ వెనక మేమందరం, మొదటి వరసలో నబీ సాబ్. అది నిజంగా రాసి ఉన్న మాటేనా అని తరువాత ఎన్నిసార్లు అడిగినా నవ్వేవాడే తప్ప చెప్పలేదు.

మరుసటి ఏడు వాన పడింది. చూరు నీళ్లు కారుతుంటే, మా బావ తడిసి అంగడిలోకి వచ్చాడు.

"వాన పడింది గదా బావా. తిప్పవా?"

బయటికి చెయ్యి చాపి, అరచేతిలో పడిన నీళ్లను చూసి పెదవి విరిచాడు.

"ఇది వానా? దుమ్ము అణిగేదానికే చాలదు. సరిపోయినంత పడనీ, చూస్తాం."

ఆ తరువాత ప్రతి ఏడూ నేను అడిగాను. ప్రతి ఏడూ చెయ్యి చాపి చూశాడు. ఆయన పోయేనాటికి కూడా మా ఊళ్లో సరిపోయినంత వాన పడలేదు.